హెల్త్ ఇన్సూరెన్స్: 70 దాటితే సర్కారు కార్డు ఫ్రీ.. మరి ప్రైవేటు పాలసీ ఉంచుకోవాలా? వదిలేయాలా?

చిలమత్తూరు: పెద్ద వయసులో గుండె, కిడ్నీ, మోకాలు.. ఏ ఆపరేషన్ అయినా బిల్లు లక్షల్లోనే. వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే ఇంట్లో అలాంటి బిల్లు ఒక్కటి పడినా అప్పు తప్పదు. శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని పెద్దలకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఊరు ఆంధ్రాలో ఉన్నా, పెద్ద వైద్యం అనగానే చాలామంది చూపు బెంగళూరు వైపే. కొడికొండ చెక్‌పోస్టు దాటి కాస్త ముందుకెళ్తే కర్ణాటకే. అందుకే ఏ కార్డు మంచిది అని అడిగే ముందు, వెళ్లబోయే ఆస్పత్రిలో ఏ కార్డు చెల్లుతుందో తెలుసుకోవాలి.

ఎన్టీఆర్ వైద్య సేవ

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకమే ఇది. అప్పట్లో తొలి విడతకు ఎంపికైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పేద కుటుంబాలకు ఏడాదికి రూ.25 లక్షల వరకు వైద్యం ఉచితం. ఈ పరిమితి 2023 డిసెంబరులో పెరిగింది. జాబితాలో 3,257 చికిత్సలు ఉన్నాయి. బీమా పద్ధతిని కలిపి అందరికీ రూ.2.5 లక్షల వరకు, పేదలకు రూ.25 లక్షల వరకు వర్తించే కొత్త విధానానికి రాష్ట్ర కేబినెట్ 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది.

70 దాటినవారికి వయ వందన

కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు ప్రారంభించింది. దీనికి ఆదాయంతో పని లేదు. 70 ఏళ్లు నిండితే చాలు, ఏడాదికి రూ.5 లక్షల కవర్. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 70 దాటి ఉంటే ఆ రూ.5 లక్షలు ఇద్దరికీ కలిపే.

ఇందులో ప్రధాన లాభం ఒకటుంది. షుగర్, బీపీ, గుండె జబ్బు ముందే ఉన్నా మొదటి రోజు నుంచే కవర్ అవుతుంది. ప్రీమియం లేదు, వెయిటింగ్ లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా ఈ కార్డు తీసుకోవచ్చు. కానీ సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ లాంటివి ఉన్న రిటైర్డ్ ఉద్యోగులు, మాజీ సైనికులు రెండింటిలో ఒక్కటే ఎంచుకోవాలి.

ఇక్కడే ఒక మెలిక. వయసుకు ఆధారం ఆధార్ కార్డే. ఊళ్లలో చాలామంది పెద్దలకు పుట్టిన తేదీ రికార్డు ఉండదు. నోటి లెక్కతో వేయించిన ఏడాదే ఆధార్‌లో ఉండిపోతుంది. నిజంగా 72 ఏళ్లున్నా ఆధార్‌లో 66 అని ఉంటే కార్డు రాదు. జబ్బు చేశాక పరుగులు పెట్టే కంటే ఇప్పుడే చూసుకోవడం మేలు.

ప్రైవేటు పాలసీలో ఏముంది?

ఆస్పత్రుల ఎంపిక ఎక్కువ, గది సౌకర్యం మెరుగు. ఈ మధ్య రూల్స్ కూడా పెద్దలకు కొంత అనుకూలంగా మారాయి.

• 65 ఏళ్లు దాటితే పాలసీ ఇవ్వరనే పరిమితిని 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు.
• పాత జబ్బులకు వెయిటింగ్ గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది.
• సీనియర్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. 2025 జనవరిలో ఈ ఆదేశం వచ్చింది.
• వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు.

అయినా భారం భారమే. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. చాలా సీనియర్ పాలసీల్లో కో-పే ఉంటుంది. ఉదాహరణకు 20 శాతం కో-పే ఉంటే, రూ.3 లక్షల బిల్లులో రూ.60 వేలు చేతి నుంచే కట్టాలి. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీలో అంతకంటే ఖరీదైన గది తీసుకుంటే డాక్టర్ ఫీజు లాంటి వాటిలోనూ కోత పడొచ్చు. ఉన్న జబ్బు దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది.

బెంగళూరు వెళ్తే?

వైద్య సేవను ఆరోగ్యశ్రీగా ఉన్నప్పుడే, 2019 నవంబరులో, హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలోని ఎంపిక చేసిన ఆస్పత్రులకు విస్తరించారు. అంటే అన్ని ఆస్పత్రుల్లో, అన్ని చికిత్సలకు కాదు. ఆయుష్మాన్ కార్డు కూడా జాబితాలో ఉన్న ఆస్పత్రిలోనే చెల్లుతుంది. బయలుదేరే ముందే ఆస్పత్రి కౌంటర్‌కు ఫోన్ చేసి, ఈ కార్డుపై ఈ ఆపరేషన్ చేస్తారా అని అడగాలి. ప్రైవేటు పాలసీ ఉన్నవారు నగదు రహిత నెట్‌వర్క్‌లో ఆ ఆస్పత్రి ఉందో లేదో చూసుకోవాలి.

జిల్లాలోనే మరో దారి ఉంది. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో గుండె, కంటి విభాగాలతో సహా వైద్యం ఉచితం. దానికి ఏ బీమా అక్కర్లేదు.

ఎవరికి ఏది?

• 70 దాటినవారు: ముందు వయ వందన కార్డు తీసుకోవాలి. ఇప్పటికే ప్రైవేటు పాలసీ ఉండి ప్రీమియం కట్టగలిగితే వదలొద్దు. ఒకసారి వదిలేస్తే మళ్లీ కొత్తగా కొని, వెయిటింగ్ మొదటి నుంచి లెక్కపెట్టాల్సి వస్తుంది.
• 60-69 మధ్య, పేద కుటుంబం: వైద్య సేవే ప్రధాన ఆధారం. అర్హతల జాబితాలో పేరుందో లేదో ముందే చూసుకోవాలి.
• 60-69 మధ్య, ఆదాయం ఎక్కువ ఉన్నవారు: ప్రైవేటు పాలసీ అవసరం ఎక్కువగా ఉన్నది వీరికే. ఆరోగ్యం బాగున్నప్పుడే తీసుకుంటే, 70 వచ్చేసరికి వెయిటింగ్ పూర్తవుతుంది.

ఏ కార్డూ తీర్చని ఖర్చు

నెలనెలా షుగర్, బీపీ మాత్రలు, డాక్టర్ చీటీ, చిన్నచిన్న పరీక్షలు.. వీటిని వయ వందన ఇవ్వదు. చాలా ప్రైవేటు పాలసీలూ ఇవ్వవు. ఆస్పత్రిలో చేరితేనే కవర్. కాబట్టి ప్రభుత్వ ఆస్పత్రి ఉచిత మందులు, జన ఔషధి దుకాణాలను వాడుకుంటే నెల ఖర్చు తగ్గుతుంది.

సందేహాలకు వైద్య సేవపై 104, ఆయుష్మాన్‌పై 14555, ప్రైవేటు కంపెనీపై ఫిర్యాదుకు 155255 నంబర్లకు ఫోన్ చేయొచ్చు. పాలసీ పత్రం చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. ఆ 30 రోజుల్లోనే కో-పే, గది అద్దె, వెయిటింగ్ అనే మూడు మాటలు వెతికి చదవాలి. చదవడం రాని పెద్దలు ఇంట్లో పిల్లల చేత చదివించుకోవాలి.