సాయంత్రం ఎవరిది?

మన కథల్లో, నాటకాల్లో, పోరాటాల చరిత్రలో తాగుడు సాగే చోటుకి ఆడవాళ్ళు ఏ పనిమీద వెళ్ళారని చూస్తే నాకు ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి. మొగుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిన భార్య. అక్కడ వండే, అమ్మే, వడ్డించే మనిషి. దుకాణం మూయించడానికి గుంపుగా కదిలిన ఆడవాళ్ళు. పని ముగించుకుని, ఓ గంట కూర్చుని, రుచిగా ఏదన్నా తిని, ఇష్టమైతే నాలుగు గుక్కలు తాగి, కబుర్లు చెప్పుకుని ఇంటికి పోదామని వెళ్ళిన ఆడమనిషి మాత్రం దాదాపుగా కనిపించదు. కనిపించినా ఆమె 'అలాంటి' మనిషై ఉంటుంది.

ఇప్పుడు నగరాల్లో ఆ నాలుగో మనిషి కోసం బల్లలు వేశారు. బెంగుళూరులో 2010 ప్రాంతాల్లో బీరు అక్కడే కాచి అక్కడే పోసే చోట్లు మొదలయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో అనుమతి ఇచ్చాక హైదరాబాదులోనూ వచ్చాయి. వాటిల్లో కూర్చునే హక్కు గురించి మాట్లాడితే మన మిత్రుల్లోనే ఒక ఇబ్బంది చూశాను. సారా వ్యతిరేక ఉద్యమానికి వారసులమని చెప్పుకునేవాళ్ళం బీరుబల్ల దగ్గర కుర్చీ అడగడమేమిటని. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలిచే కోరికలేనా? నాకలా అనిపించదు. కృష్ణా డెల్టాలో తాగే చోటు ఎలా ఉండేదో, ఎలా మారిందో చూస్తే ఈ చిక్కుముడి కొంత వీడుతుందనుకుంటాను.

కల్లుతో మొదలుపెడదాం. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఈ ప్రాంతమంతా వరిచేలయింది. చేల గట్ల మీద తాళ్ళు, ఈతచెట్లు నిలిచాయి. తాడిచెట్లలో ఆడ, మగ వేరు. రెండూ కల్లిస్తాయి. లొట్టి లోపల సున్నం రాస్తే తియ్యటి నీరా. రాయకపోతే గాలిలోని ఈస్టుతో దానంతటదే పులుస్తుంది. మామూలుగా బీరుకున్నంత మత్తే దానికీ ఉంటుంది. పొద్దున దించింది సాయంత్రానికి పుల్లబడుతుంది, మర్నాటికి పనికిరాదు. అంటే కల్లు దూరాలు ప్రయాణించలేదు. చెట్టు దగ్గరే, ఊరి దగ్గరే తాగాలి. దింపినవాడెవరో తాగేవాడికి తెలుస్తుంది. ఇవాళ కొత్త బీరు దుకాణాలు తమ గొప్పగా చెప్పుకునే తాజాదనం, స్థానికత, తయారీదారు కళ్ళెదుట ఉండటం ఇవన్నీ కల్లుపాకకి పుట్టుకతో వచ్చినవే.

కల్లుపాక అంటే ఒట్టి కల్లే కాదు, తిండి కూడా. శెనగ గుగ్గిళ్ళు, ఉడికించిన గుడ్లు, బోటీ, తలకాయ కూర, రొయ్యల వేపుడు, కారం దట్టించి కాల్చిన చేప. చెట్టెక్కేది మగవాడైతే ఈ పొయ్యి చాలాచోట్ల ఆడవాళ్ళది. పామర్రు దాటి బందరు వెళ్ళే దారిలో పాక పక్కన పొయ్యి పెట్టుకున్న ఒక పెద్దావిడతో మాట్లాడాను. రొయ్య ఎంతసేపు వేగాలో, కారం ఎప్పుడు పడాలో చెబుతున్నప్పుడు ఆమె గొంతులో పనితనం తెలిసిన మనిషి ధీమా ఉంది. "మీరెప్పుడన్నా లోపల కూర్చుని తిన్నారా పిన్నీ?" అని అడిగితే "కూర్చుంటే పొయ్యెవరు చూస్తారమ్మా?" అంది. చీకటి పడ్డాక ఇంటికెళ్ళి మళ్ళీ వండాలి. ఆమె చేతి రుచితో సాయంత్రాలు గడిపినవాళ్ళు వందల మంది ఉండొచ్చు. ఆమెకి మాత్రం సాయంత్రం లేదు.

డబ్బుకి తిండి పెట్టడం మన దగ్గర ఆడవాళ్ళకి పాత వృత్తి. వినుకొండ వల్లభరాయుడి పేర చెలామణిలో ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు ఉంది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉంది, సారా దుకాణమూ ఉంది. సొంత కష్టంతో బతికే ఆ వితంతువు మీద గిరీశం ఎలా బతికాడో మనకి తెలుసు. పదిమందికీ అన్నం పెట్టి సంపాదించుకున్నా ఆమెకి దక్కిన గౌరవమెంతో కూడా తెలుసు.

ఇది మన ఒక్కరి కథే కాదు. ఇంగ్లండులో 1300 ప్రాంతాల్లో ఇంట్లో ఏల్ కాచి అమ్మడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. 1600 నాటికి అది వాళ్ళ చేతుల్లోంచి చాలావరకు జారిపోయింది. హాప్స్ వేసిన బీరు ఎక్కువకాలం నిలవుంటుంది, దూరం పోతుంది. దానికి పెట్టుబడి కావాలి, లైసెన్సు కావాలి. ఇవి మగవాళ్ళకి దొరికాయి. చరిత్రకారిణి జుడిత్ బెనెట్ 1996లో వచ్చిన తన పుస్తకంలో ఈ క్రమాన్నంతా వివరించింది. నిలవుండే సరుకు రాగానే ఆడవాళ్ళు వృత్తి పోగొట్టుకోవడమన్న ఆ సూత్రం మన డెల్టాని అర్థం చేసుకోవడానికీ పనికొస్తుంది.

1886 మద్రాసు అబ్కారీ చట్టంతో కల్లూ సారా సర్కారు ఖజానాకి వనరులయ్యాయి. గీసే చెట్లకి పన్ను, దుకాణాలకి వేలంపాట. పాట పాడగలిగినవాడు కాంట్రాక్టరయ్యాడు, గీసినవాడు అతనికి కూలీ అయ్యాడు. సారా కల్లు లాంటిది కాదు. నిలవుంటుంది, బండెక్కుతుంది, ఎక్కడికైనా పోతుంది. లెక్కలకీ లాభాలకీ అదే అనువు.

జాతీయోద్యమం ఈ దుకాణం ముందుకి ఆడవాళ్ళని తీసుకొచ్చింది. 1930 ఏప్రిల్లో గాంధీ కల్లు, సారా దుకాణాల దగ్గర పికెటింగు బాధ్యతని ప్రత్యేకంగా స్త్రీలకి అప్పగించాడు. వాళ్ళు సహజంగానే అహింసాపరులు, నీతికి కాపలాదారులని ఆయన నమ్మకం. ఇంట్లోంచి వీధిలోకి వచ్చే అవకాశం దాంతో దొరికిన మాట నిజం. అయితే వచ్చింది గుమ్మం దాకానే. లోపలికి వెళ్ళే ఆడది ఎవరన్న ప్రశ్నకి సమాధానం కూడా అప్పుడే స్థిరపడింది. కూలికులాల ఆడవాళ్ళకి కల్లు పరాయిది కాదు. తెలంగాణ పల్లెల్లో ఇవాళ్టికీ ఆడవాళ్ళు కల్లు తాగడం వింత కాదు. 'మర్యాదస్తురాలు తాగదు' అన్న మాటలో మర్యాద ఏ కులానిదో మనం తరచి చూడాలి.

1937లో రాజాజీ సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టాడు. అది చిత్తూరు, కడపలకి పాకి, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకం పన్ను వచ్చింది. గీతకార్మికుల బతుకు మాత్రం వీధిన పడింది. వాళ్ళ పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించాడు. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం కర్నూలు శాసనసభలో పడిపోయింది ఈ నిషేధం గొడవ మీదే. 1956లో తెలంగాణ కలిశాక ఒకే రాష్ట్రంలో రెండు నీతులు నడిచాయి. అక్కడ కల్లు చట్టబద్ధం, ఇక్కడ నేరం. డెల్టాలో ఇది 1960ల చివరిదాకా సాగింది. ఈ వాదోపవాదాలన్నిట్లో రాబడి గురించి మాట్లాడారు, కులవృత్తి గురించి మాట్లాడారు, నీతి గురించి మాట్లాడారు. పాక పక్కన పొయ్యి ఆరిపోయిన ఆడదాని సంపాదన చర్చకి రాలేదు.

1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో పోసి పంపింది. ఇక పాక అక్కర్లేదు, తోడు అక్కర్లేదు, తిండి కూడా అక్కర్లేదు. చొక్కా జేబులో పెట్టుకుని పోయి ఒంటరిగా తాగొచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు తిరగబడింది ఈ సారా మీద. అక్షరదీపం తరగతుల్లో చదివిన 'సీతమ్మ కథ' అందుకు నిప్పురవ్వ. తాగే నీళ్ళు రాని ఊరికి సారా ఎలా వస్తోందని వాళ్ళు అడిగారు. వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్లో నెల్లూరులో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా పోయింది. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఖజానా పేరు చెప్పి ఎత్తేశారు.

ఆ ఉద్యమాన్ని పత్రికలు, పార్టీలు తమతమ అవసరాలకి తగ్గట్టు ఎలా చిత్రించుకున్నాయో సూసీ తారూ, తేజస్విని నిరంజన 1990లలోనే విశ్లేషించారు. దుర్గలన్నారు, కాళికలన్నారు. కూలిడబ్బుల గురించి, దెబ్బల గురించి, సర్కారు వ్యాపారం గురించి మాట్లాడినవాళ్ళని పవిత్రతకి ప్రతీకలు చేశారు. ఆ పవిత్రతే తర్వాత మిగతా ఆడవాళ్ళ మీదికి కర్రయి లేచింది. 2009 జనవరిలో మంగుళూరు పబ్బులో అమ్మాయిల్ని కొట్టినవాళ్ళు కూడా స్త్రీల మర్యాదని కాపాడుతున్నామనే చెప్పారు. అంతకు ఏడాది ముందే, 2007 డిసెంబరులో, మద్యం అమ్మేచోట స్త్రీలు పనిచెయ్యకూడదన్న 1914 నాటి పంజాబు చట్ట నిబంధనని సుప్రీంకోర్టు అనూజ్ గర్గ్ కేసులో కొట్టేసింది. రక్షణ పేరుతో స్త్రీల స్వేచ్ఛని లాక్కోవద్దని ఆ తీర్పు సారాంశం.

మరి ఆ కొత్త బల్ల దగ్గర అంతా బాగుందా? ఆ మధ్య హైదరాబాదులో ఒక సదస్సు అయ్యాక ముగ్గురు ఆడవాళ్ళం, ఒక మగ సహోద్యోగి కలిసి అలాంటి చోటుకి వెళ్ళాం. గాజుగోడ వెనక బీరు కాచే పెద్దపెద్ద పీపాలు. గోధుమ బీరు చల్లగా, తేలిగ్గా ఉంది. పింగాణీ గిన్నెలో శెనగ గుగ్గిళ్ళు, పైన పచ్చిమామిడి తురుము. కరివేపాకు వేసిన రొయ్యల వేపుడు నిజంగా బాగుంది. మమ్మల్నెవరూ వింతగా చూడలేదు. పెద్దగా నవ్వుకున్నాం, ఎవరి సిద్ధాంతవ్యాసాల బాధలు వాళ్ళం చెప్పుకున్నాం. ఆ రెండు గంటలూ ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేకపోవడం ఎంత సుఖమో దాన్ని తక్కువ చెయ్యను. బిల్లు మాత్రం అడక్కుండానే మగస్నేహితుడి ముందు పెట్టారు. ఒక గ్లాసు ఖరీదు వరినాట్లలో ఆడకూలీకొచ్చే రోజుకూలికి దరిదాపుల్లో ఉంది.

అంటే గుమ్మం తెరుచుకుంది గానీ డబ్బున్నవాళ్ళకే. విజయవాడలో బార్ల బోర్డుల మీద 'ఫ్యామిలీ రెస్టారెంట్' అని రాసి ఉంటుంది. పక్కన కుటుంబం ఉంటేనే ఆడది గౌరవనీయమైన గిరాకీ అని దాని అర్థం. మరోపక్క 2024 అక్టోబరు 16న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కొత్త మద్యం విధానంలో 99 రూపాయల క్వార్టరు ఒక ఆకర్షణ. కూలివాడికి అదే నిలవుండే సరుకు, అదే ఒంటరి తాగుడు. ఇంటికొచ్చాక దెబ్బలు తినేదీ ఆ ఆడదే.

అందుకే దూబగుంట అడిగినదీ, బల్ల దగ్గర కుర్చీ అడిగేదీ ఒకే ప్రశ్న అనుకుంటాను. ఆడదాని కూలిడబ్బూ, ఆమె సాయంత్రమూ ఎవరి చేతిలో ఉండాలి? తన్నులు లేని సాయంత్రం కావాలని వాళ్ళు అడిగారు. సంజాయిషీ అక్కర్లేని సాయంత్రం కావాలని మనం అడుగుతున్నాం. మొదటిది దక్కని ఊళ్ళో రెండోది కొద్దిమంది విలాసంగా మిగిలిపోతుంది. రెండోదాన్ని సిగ్గుచేటనుకుంటే మొదటిది మళ్ళీ నీతిపాఠంగా మారుతుంది.

పరిశోధకులుగా మనకి చేతిలో ఉన్న పని ఒకటుంది. అబ్కారీ కాగితాల్లో చెట్లకి లెక్కలున్నాయి, పాటలకి లెక్కలున్నాయి. పొయ్యిల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఎంత వండారో, ఎంత సంపాదించారో, నిషేధం వచ్చినప్పుడల్లా ఎలా బతికారో వాళ్ళనే అడిగి రాసుకోవాలి. పామర్రు దారిలో ఆవిడ వయసు డెబ్బై దాటింది. మధ్యాహ్నం మూడు లోపల వెళ్తే మాట్లాడటానికి తీరిక ఉంటుంది.