తీరం దాటిన తర్వాత: నల్లగొండ, పాలమూరు ఎత్తునేలల తుఫాను చరిత్ర

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సముద్రతీరం లేదు. ఏడాదికి సుమారు 600 నుంచి 750 మి.మీ. వానతో సరిపెట్టుకునే చల్కా నేలలు ఇవి. కరువు ప్రాంతంగానే వీటికి పేరు. అయినా ఇక్కడి పెద్ద వరదల మూలం వెతికితే తరచూ బంగాళాఖాతమే కనిపిస్తుంది. తుఫాను బలహీనపడిందన్న కబురుతో కోస్తా ఊపిరి పీల్చుకునే వేళకు ఈ ఎత్తునేలల్లో అసలు వాన మొదలవుతుంది. తుఫానుకు గాలి వేగాన్ని బట్టి స్థాయి కట్టడం తీరానికి సరైన పద్ధతే. లోపలి నేలకు మాత్రం ఆ కొలత అసలు ప్రమాదాన్ని పట్టి ఇవ్వదు.

బంగాళాఖాతంలో తుఫానులకు రెండు కాలాలున్నాయి. వేసవిలో ఏప్రిల్ నుంచి జూన్ మొదటి దాకా ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెండోది. తుఫాను పుట్టాలంటే సముద్రపు నీరు 26.5 డిగ్రీలకు మించి వేడెక్కి, ఆ వేడి యాభై మీటర్ల లోతు దాకా నిలవాలి. అప్పుడు లేచిన ఆవిరి పైన మేఘమవుతూ తనలోని వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి పోతుంది, కింద పీడనం మరింత పడిపోతుంది, చుట్టూ ఉన్న తేమగాలి అటు పరుగెత్తుతుంది. భూభ్రమణం ఆ గాలిని సుడి తిప్పుతుంది. జులై, ఆగస్టుల్లో సముద్రం వెచ్చగానే ఉన్నా, కింది గాలులు పడమటి నుంచి, పై గాలులు తూర్పు నుంచి బలంగా వీచి మేఘాల నిలువు కట్టును చెదరగొడతాయి. అందుకే ఆ నెలల్లో పెనుతుఫానులు అరుదు, అల్పపీడనాలూ వాయుగుండాలే ఎక్కువ. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 31 కి.మీ. చేరితే వాయుగుండం, 51 చేరితే తీవ్ర వాయుగుండం, 63 చేరితే తుఫాను. 2004లో మొదలైన పేర్లు పెట్టే పద్ధతి కూడా తుఫాను స్థాయి అందుకున్న వాటికే వర్తిస్తుంది.

సముద్రం మీదే నీరసించిపోయేవీ ఉన్నాయి. 2013 నవంబర్‌లో అతి తీవ్ర తుఫానుగా వచ్చిన లెహర్, మచిలీపట్నం దగ్గర తీరం దాటే నాటికి వాయుగుండమై మిగిలింది. నేల మీదికి వచ్చినవాటికి సముద్రపు ఆవిరి అందదు, కొండలూ చెట్లూ గాలిని నిలేస్తాయి, కొన్ని గంటల్లోనే వేగం పడిపోతుంది. అయితే గాలి తగ్గినంత త్వరగా తేమ తగ్గదు. సుడి సడలినా దాని తూర్పు అంచు బంగాళాఖాతం నుంచి తేమను లాగుతూనే ఉంటుంది. కదలిక నెమ్మదించిందంటే ఆ నీరంతా ఒకేచోట పడుతుంది. 2020 అక్టోబర్ 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం దీనికి మంచి ఉదాహరణ. అది పడమరగా తెలంగాణ మీదుగా సాగుతుండగా ఘట్‌కేసర్‌లో ఒక్కరోజులో 32 సెం.మీ. వాన కురిసింది, భువనగిరి వైపు ఊళ్లూ తడిసి ముద్దయ్యాయి, మూసీ పొంగింది. తగ్గి అల్పపీడనమైన ఆ సుడే మహారాష్ట్ర దాటి, అరేబియా సముద్రంలో మళ్లీ వాయుగుండమైంది.

వెనక్కి వెళ్తే 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద ఉంది. అదీ బంగాళాఖాతం నుంచి లోపలికి వచ్చిన సుడి పనే. పాలమూరు దారిలోని శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడిందనీ, పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయనీ మోక్షగుండం విశ్వేశ్వరయ్య నమోదు చేశారు. హైదరాబాద్‌లో దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. ఆయన సూచనల మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 2009లో సెప్టెంబర్ చివర మొదలైన అల్పపీడనపు వానలకు కృష్ణా, తుంగభద్ర కలిసి పొంగాయి. అలంపురం, చేనేత ఊరు రాజోలి నీట మునిగాయి. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. 2024 సెప్టెంబర్ 1న కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం కోదాడను ముంచింది, నడిగూడెం మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి కొట్టింది. 2009, 2020, 2024 వరదల్లో దేనికీ తుఫాను పేరు లేదు.

పేరున్న తుఫానులు నష్టం చేయలేదా అని అడగవచ్చు. చేశాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మోంథా నల్లమల అంచు నుంచి వరంగల్ దాకా కుండపోత కురిపించింది, అదీ గాలి సడలిన తర్వాతే. తప్పు వానది కాదు, కబ్జా అయిన చెరువు శిఖాలదీ మరమ్మతు లేని కట్టలదీ అన్న వాదనకు ఎక్కువ బలముంది. గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దుంకి కింది చెరువు నింపాలి. మత్తడి దారి మూసుకుపోతే నీరు కట్టమీదుగా పొర్లుతుంది, ఒక చెరువు తెగితే కిందివన్నీ తెగుతాయి. కానీ ఆ మాట కూడా మొదటి వాదననే బలపరుస్తుంది. కట్టకు పరీక్ష పెట్టేది గాలి కాదు, కొద్ది గంటల్లో పడే నీటి మొత్తం. నిర్లక్ష్యం ఆ పరీక్షలో ఓడిపోయేలా చేస్తుంది.

ఈ వాయుగుండాలే లేకుంటే యాసంగి లేదన్న రైతు మాటను కూడా తోసిపుచ్చలేం. నైరుతి ముఖం చాటేసిన ఏడు అక్టోబర్ ముసురే చెరువు నింపుతుంది, బోర్లలో నీళ్లు పైకి తెస్తుంది. అదే ముసురు నాలుగు రోజులు పట్టిందంటే పగిలిన పత్తికాయలో దూది నల్లబడుతుంది, కల్లంలో ఆరబోసిన వడ్లు తేమకు మొలకెత్తుతాయి. నింపడమా, ముంచడమా అన్నది ఆ సుడి ఏ దారిన వచ్చింది, ఎంత నెమ్మదిగా కదిలింది, అప్పటికి చెరువుల్లో ఎంత నీరుంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. వాయుగుండం, తుఫాను అన్న స్థాయిలు ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చెప్పవు.