హరితగృహ ఫిల్ముల్లో నానో కణాలు

పాలీహౌస్ మీద కప్పే ప్లాస్టిక్ ఫిల్ములో కలిపే అతి సూక్ష్మమైన ఖనిజ, లోహ ఆక్సైడ్ కణాలను నానో సంకలితాలు అంటారు. వీటి పరిమాణం సాధారణంగా 100 నానోమీటర్ల లోపే. ఎండలో ఏ భాగం లోపలికి రావాలో, ఏది బయటే ఆగాలో, రాత్రిపూట వేడి ఎంత నిలవాలో చాలావరకు ఇవే నిర్ణయిస్తాయి. చలిదేశాల్లో ఫిల్ము నుంచి ముందుగా ఆశించేది వేడిని పట్టి ఉంచడం. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్ పరిసరాల్లో మాత్రం వెలుతురు తగ్గకుండా వేడిని ఆపాలి.

నేపథ్యం

1948లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎమ్మర్ట్ అనే ఆచార్యుడు గాజుకు బదులు సెల్లోఫేన్ కప్పి హరితగృహం కట్టాడు. ఆ తర్వాత చవకైన పాలిథీన్ ఆ స్థానంలోకి వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర ప్రభుత్వం పాలీహౌసులకు 75 శాతం, ఎస్సీ, ఎస్టీ రైతులకు 95 శాతం సబ్సిడీ ప్రకటించింది. దాంతో చేవెళ్ల, మొయినాబాద్, శామీర్‌పేట వైపు జెర్బెరా, గులాబీ, క్యాప్సికం, కీర దోస సాగు పెరిగింది. ఈ పూలకు పెద్ద మార్కెట్ గుడిమల్కాపూర్. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ పెళ్లి మండపాల అలంకరణలో కనిపించే జెర్బెరా పాలీహౌస్ పంటే.

పనిచేసే తీరు

పాలీహౌస్ ఫిల్ము మందం సాధారణంగా 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. అతినీలలోహిత కిరణాలు పాలిథీన్ అణువుల గొలుసులను తెంచుతాయి. ఫిల్ము పెళుసెక్కి, వేడెక్కిన ఇనుప పైపులకు ఆనుకున్న చోట ముందుగా చిరుగుతుంది. దీన్ని ఆపడానికి అమీన్ తరగతి స్థిరీకరణ రసాయనాలు కలుపుతారు. అయితే గులాబీకి బూడిద తెగులు సోకితే రైతు గంధకం వాడతాడు. దాని నుంచి పుట్టే ఆమ్లాలు ఆ అమీన్లను పనికిరాకుండా చేస్తాయి. జింక్ ఆక్సైడ్ కణాలు ఇక్కడ రెండు విధాలా ఉపయోగపడతాయి: ఆమ్లాన్ని పట్టేస్తాయి, అతినీలలోహితాన్నీ పీల్చుకుంటాయి.

అతినీలలోహితం తగ్గిన చోట తెల్లదోమ, తామర పురుగులు దారి వెతుక్కోలేవు. వాటితో వచ్చే వైరస్ తెగుళ్లూ తగ్గుతాయి. ఎర్ర గులాబీ రేకులు నల్లబడటం కూడా తగ్గుతుంది. కానీ తేనెటీగలకూ ఆ వెలుతురు కావాలి. వంకాయకు ఊదారంగు బాగా పట్టాలన్నా అది అవసరమే. అందుకే పంటను బట్టి ఫిల్ము ఎంచుకోవాలి.

సౌరశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని సమీప పరారుణ కిరణాలే. కిరణజన్య సంయోగక్రియకు కావలసింది 400–700 నానోమీటర్ల వెలుతురు. మిగతాది చాలావరకు వేడే. వేసవిలో రైతులు పాలీహౌస్ లోపల షేడ్‌నెట్ లాగుతారు, లేదా పైన సున్నం పూస్తారు. ఈ రెండూ వేడితో పాటు మొక్కకు కావలసిన వెలుతురునూ కోసేస్తాయి. సీజియం టంగ్‌స్టన్ ఆక్సైడ్, యాంటిమొనీ కలిపిన టిన్ ఆక్సైడ్ వంటి కణాలు వెలుతురును చాలావరకు వదిలి, సమీప పరారుణాన్ని పీల్చుకుంటాయి. పీల్చుకున్న వేడితో ఫిల్మే వేడెక్కి అందులో కొంత లోపలికి వదులుతుంది కాబట్టి, పై కిటికీల నుంచి గాలి ఆడటం తప్పనిసరి.

రాత్రిపూట నేల, మొక్కలు వదిలే దీర్ఘ పరారుణం మామూలు పాలిథీన్ గుండా బయటికి పోతుంది. సిలికా, బంకమట్టి పొరల కణాలు దాన్ని అడ్డుకుంటాయి. ఇది శీతాకాలపు అవసరం. ఫిల్ము లోపలి వైపు నీటిని ఇష్టపడే సిలికా పూత వేస్తే, చెమ్మ బొట్లుగా ఆకుల మీద రాలకుండా పలచని పొరగా అంచులకు జారిపోతుంది. దాంతో శిలీంధ్ర తెగుళ్లు తగ్గుతాయి.

తయారీ

పెద్ద కణాలు వెలుతురును చెదరగొట్టి ఫిల్మును మసకబారుస్తాయి. కణం చిన్నదయ్యేకొద్దీ ఆ చెదిరింపు వేగంగా పడిపోతుంది. అయితే అవి ఒకదానికొకటి అంటుకుని ముద్దకడితే లాభం పోతుంది. అందుకే ఉపరితలానికి పూత వేసి, ముందుగా పాలిథీన్‌తో గాఢమైన గుళికలుగా మార్చి, తర్వాత అసలు ప్లాస్టిక్‌లో కలిపి పొరలు పొరలుగా ఊదుతారు. టైటానియం డయాక్సైడ్‌కు ఈ పూత మరీ ముఖ్యం. దాని అనటేజ్ రూపం పూత లేకుండా ఎండ తగిలితే పక్కనున్న పాలిథీన్‌నే క్షీణింపజేస్తుంది.

ఇతర మార్గాలు

వేడిని ఆపడానికి ఫిల్ము ఒక్కటే దారి కాదు. హైదరాబాద్‌కు చెందిన ఖేతి సంస్థ చిన్న రైతుల కోసం రూపొందించిన చౌక హరితగృహంలో వలలదే ప్రధాన పాత్ర. దానికి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి దక్కింది.

పరిమితులు

నానో కణాలతో ఫిల్ము ధర పెరుగుతుంది. ఎంత మంచి ఫిల్మయినా కొన్నేళ్లకు మార్చక తప్పదు, దుమ్ము పేరుకుంటే లాభం తగ్గిపోతుంది. పాత ఫిల్మును పొలంలోనే కాలిస్తే విషవాయువులు వెలువడతాయి, కణాలు నేలలో మిగులుతాయి. మట్టి, మందుల అవశేషాలు కడిగి రీసైక్లింగ్‌కు పంపడమే మేలు. అయినా రకరకాల పొరలు, సంకలితాలు కలిసిన ప్లాస్టిక్ నుంచి మళ్లీ అదే నాణ్యత గల ఫిల్ము రాబట్టడం కష్టం.