బోర్లా, వెల్లకిలా

"ఏటిరా, పిల్లని అలగ వెల్లకిలా తొంగోబెట్టేసినావు? పాలు కక్కితే ఊపిరాడదు కదేటి!"

పాపకి ఇరవై రోజులున్నప్పుడు భావనపాడు నుంచి హైదరాబాద్ వచ్చిన మా అమ్మ మొదటి రాత్రి అన్న మాట ఇది. ఆసుపత్రిలో అలాగే చెప్పారన్నా వినలేదు. నాకన్నా ముందు పుట్టిన అన్నయ్య రెండో నెలలో నిద్రలోనే పోయాడు. పాలు గొంతుకి అడ్డం పడ్డాయని కొందరు, తల్లి చూసుకోలేదని కొందరు అన్నారట. అసలు కారణమేంటో ఎవరూ చూడలేదు.

ఆ రాత్రి ఈ సలహా చరిత్ర వెతుకుతూ కూర్చున్నాను. అమ్మ భయమే ఒకప్పుడు అమెరికాలో పెద్ద డాక్టర్ల మాట. బెంజమిన్ స్పాక్ 1946లో రాసిన పిల్లల పెంపకం పుస్తకం కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. 1950ల చివరినాటి ఎడిషన్లలో ఆయన బోర్లా పడుకోబెట్టడమే మేలన్నాడు. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు అడ్డం పడొచ్చు, తల చదునవ్వొచ్చు అని. మన ఆవాల దిండు వెనకున్నదీ ఈ రెండో భయమే. వినడానికి రెండూ సబబే. కాకపోతే ఎవరూ లెక్కపెట్టి చూడలేదు.

నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉంటేనే గాలిగొట్టం కిందికొస్తుంది.

కారణం దొరకని ఈ చావులకి 1969లో సియాటిల్ సదస్సులో ఒక పేరు పెట్టారు: 'సడన్ ఇన్‌ఫెంట్ డెత్ సిండ్రోమ్'. అప్పటిదాకా తల్లుల మీదే ఉన్న అనుమానం పేరుతో కొంత తగ్గింది, చావులు తగ్గలేదు. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టే హాంకాంగ్‌లో ఇవి అరుదని 1985లో డేవిస్ అనే డాక్టరు 'లాన్సెట్'లో రాశాడు. 1987లో నెదర్లాండ్స్, 1991లో బ్రిటన్, 1994లో అమెరికా 'బోర్లా పడుకోబెట్టకండి' అని ప్రచారం మొదలుపెట్టాయి. కొన్నేళ్లలోనే ఈ మరణాలు సగానికి సగం తగ్గాయి. మందు లేదు, మెషీన్ లేదు.

నన్ను నిద్రపోనివ్వనిది 2005 నాటి ఒక సమీక్ష. రూత్ గిల్బర్ట్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూసింది. బోర్లా పడుకోవడం ప్రమాదమనే ఆధారాలు 1970కే ఉన్నాయట. అప్పుడే అన్నీ ఒకచోట పెట్టి చూసుంటే ఒక్క బ్రిటన్‌లోనే పదివేలకు పైగా పిల్లలు బతికేవారని అంచనా. డేటా అంతా ఉంది, క్వెరీ రాసినవాళ్లే లేరు.

ఇవాళ్టి సలహా చిన్నదే: ఏడాది నిండేదాకా ప్రతి నిద్రకీ వెల్లకిలా, చదునైన గట్టి పరుపు, దిండూ దుప్పటీ వద్దు, తల్లిదండ్రుల గదిలోనే వేరే పక్క, ఇంట్లో పొగ వద్దు. ఒంగిపోయే చీర ఉయ్యాల రాత్రి నిద్రకి పనికిరాదు. ఇన్ని చేసినా ప్రమాదం తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు.

పొద్దున్నే అమ్మకి చెప్పాను. బోర్లా పడుకోబెట్టమని ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లే చెప్పారని కూడా చెప్పాను.

"మరి మనోడు?" అంది.

"ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేరమ్మా. నీ తప్పని మాత్రం ఎవరూ అనకూడదు."

ఏమీ అనలేదు. కాసేపటికి, ఊరి నుంచి కుట్టి తెచ్చిన ఆవాల దిండుని తనే తీసి అలమారలో పెట్టింది.