గీత్‌మాలా ముగింపు, శ్రోతల జ్ఞాపకం: సిద్దిపేట వైపు నుంచి ఒక పరిశీలన

సారాంశం

రేడియో సిలోన్‌లో 1952లో మొదలై, 1989లో వివిధభారతికి మారి, 1994లో ఆగిపోయిన ‘బినాకా గీత్‌మాలా’ మన దేశంలో సినిమా పాటలను వరుస స్థానాల్లో వినిపించిన తొలి రేడియో కార్యక్రమం. దాని పుట్టుక గురించి రాసినంతగా దాని ముగింపు గురించి రాయలేదు. తెలంగాణ చిన్న పట్టణాల్లో ఉర్దూ చదువుతో పెరిగిన తరానికి ఈ కార్యక్రమం ఏమైంది, అది ఆగిపోవడాన్ని శ్రోతలు ఎలా గుర్తు పెట్టుకున్నారు అన్నవి ఈ వ్యాసంలోని ప్రశ్నలు. పరిశీలనకు సిద్దిపేటను ఆధారంగా తీసుకున్నాను.

కీలక పదాలు: రేడియో సిలోన్, గీత్‌మాలా, అమీన్ సయానీ, హిందూస్తానీ, శ్రోతల స్మృతి, సిద్దిపేట.

1. ప్రస్తావన

1952 డిసెంబర్ 3, బుధవారం రాత్రి రేడియో సిలోన్ హిందీ విభాగంలో అరగంట కార్యక్రమం ఒకటి మొదలైంది. టూత్‌పేస్ట్ అమ్ముకునే కంపెనీ దానికి డబ్బు పెట్టింది, ఆ టూత్‌పేస్ట్ పేరే కార్యక్రమానికీ పెట్టారు. సమర్పకుడు అమీన్ సయానీకి అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. కార్యక్రమం రాయడం, చదవడం, వచ్చిన ఉత్తరాలు చూడడం అన్నీ కలిపి వారానికి 25 రూపాయలు ఇచ్చేవారని ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పారు.

అప్పటికి సిద్దిపేట హైదరాబాద్ రాష్ట్రంలో మెదక్ జిల్లాలోని తాలూకా కేంద్రం. అదే ఏడాది మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం ఏర్పడింది, సెప్టెంబర్‌లో ముల్కీ ఉద్యమం రగిలింది. 1956 నవంబర్ 1న తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. 2014లో వేరు రాష్ట్రమైంది. 2016 దసరా నాడు, అక్టోబర్ 11న, సిద్దిపేట జిల్లా అయింది. ఇన్ని మార్పులు చూసిన తరానికి బుధవారం రాత్రి ఎనిమిది గంటలు మాత్రం దశాబ్దాల పాటు మారని సమయం. అందువల్ల గీత్‌మాలా జ్ఞాపకాన్ని పాత పాటల మీది మోజుగా కొట్టిపారేయలేం. ఒక ప్రాంతపు సాంస్కృతిక చరిత్రకు అది ఆధారం.

2. బొంబాయి గొంతు కొలంబో మీదుగా

ఈ కార్యక్రమం భారతీయ ఆకాశవాణిలో కాక పొరుగు దేశపు రేడియోలో ఎందుకు పుట్టింది? 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు శ్రోతల అభిరుచిని చెడగొడతాయని నమ్మారు. ఆకాశవాణిలో ఆ పాటల సమయం తగ్గింది. పాటతో పాటు సినిమా పేరు చెప్పాలా వద్దా అన్న విషయంలో నిర్మాతలతో వచ్చిన తగవు చివరికి ఒప్పందాల రద్దుదాకా పోయింది. ఆ ఖాళీని రేడియో సిలోన్ నింపింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మిత్రపక్షాల ఆగ్నేయాసియా సైనిక కమాండ్ కోసం కొలంబోలో నెలకొల్పిన బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధం తర్వాత ఆ కేంద్రానికి దక్కింది. ప్రకటనలు తీసుకునే వెసులుబాటు కూడా దానికి ఉంది. ఆకాశవాణి 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలుపెట్టేసరికే శ్రోతల చేయి సిలోన్ ముల్లుకు అలవాటు పడిపోయింది.

కార్యక్రమాన్ని బొంబాయిలో రికార్డు చేసి, టేపులను విమానంలో కొలంబో పంపేవారు. బొంబాయికి సిద్దిపేట గగనమార్గంలో 600 కిలోమీటర్ల పైచిలుకు, కొలంబోకు దాదాపు 1,200 కిలోమీటర్లు. దగ్గరి ఊళ్లో పలికిన మాట దూరదేశం చుట్టి సిద్దిపేట చేరేది. ఇందులో సాంకేతికమైన ఒక విశేషం ఉంది. షార్ట్‌వేవ్ తరంగాలు అయనావరణానికి తగిలి తిరిగి భూమికి వస్తాయి కాబట్టి పట్నానికి దగ్గరగా ఉన్నా, దూరంగా ఉన్నా పెద్ద తేడా ఉండదు. హైదరాబాద్‌లో వినేవాడికీ, దానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని సిద్దిపేటలో వినేవాడికీ ఒకే గొంతు, ఒకే గరగర. సినిమా కొత్త ప్రింటు చిన్న ఊరికి ఆలస్యంగా వచ్చే రోజుల్లో కొత్త పాట మాత్రం నగరానికీ తాలూకాకూ ఒకే నిమిషంలో అందింది. చిన్న పట్టణపు శ్రోత గీత్‌మాలాను ‘మాది’ అనుకోవడానికి మొదటి కారణం ఈ సమానత్వమే.

3. సిద్దిపేట శ్రోతకు ఆ భాష ఎలా వచ్చింది

హిందీ కార్యక్రమం తెలుగు పట్టణంలో అంతగా ఎలా నాటుకుంది? జవాబు నిజాం కాలపు చదువులో ఉంది. 1880ల నుంచి ఉర్దూ హైదరాబాద్ సంస్థానపు అధికార భాష. కచేరీ కాగితం, కోర్టు తీర్పు, పై తరగతుల పాఠం అన్నీ ఉర్దూలోనే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. 1935లో మొదలైన నిజాం రేడియోలో పెద్ద పీట ఉర్దూదే. ఆ కేంద్రం 1950లో ఆకాశవాణిలో కలిసింది. అంటే 1952లో గీత్‌మాలా మొదలయ్యేనాటికి సిద్దిపేట వంటి ఊళ్లో చదువుకున్న తెలుగువాడికి ఉర్దూ పరాయి భాష కాదు. బజారులో, సంతలో చదువు లేనివారికి కూడా ఆ మాట చెవికి అలవాటే.

దీనికి తోడు అమీన్ సయానీ మాటతీరు ఒకటి. ఆయన తల్లి కుల్సుమ్ సయానీ గాంధీజీ ప్రోత్సాహంతో ‘రహ్‌బర్’ అనే పత్రిక నడిపారు. అది దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ లిపుల్లో సులభమైన హిందూస్తానీలో వచ్చేది. చిన్నతనంలో ఆ పత్రిక పనిలో తల్లికి తోడుగా ఉండటం వల్లనే తన భాష తేటపడిందని సయానీ చెప్పుకున్నారు. ఆకాశవాణి వార్తల్లో సంస్కృత పదాల హిందీ బరువెక్కుతున్న రోజుల్లో ఆయన నోట వచ్చినది అటు సంస్కృతం వైపూ ఇటు పారశీకం వైపూ మొగ్గని భాష. తెలంగాణ శ్రోతకు బాగా తెలిసిన భాష కూడా అదే.

1966లో తెలుగు రాష్ట్ర అధికార భాష అయ్యాక బడిలోనూ కచేరీలోనూ ఉర్దూ వెనక్కి తగ్గింది. అది న్యాయమైన మార్పే. తెలుగువాడికి తన భాషలో పాలన దక్కడం పెద్ద విజయం. అయితే ఉర్దూలో చదువుకున్న పెద్దలకు ఆ భాషను పరీక్ష భయం లేకుండా, దరఖాస్తు అవసరం లేకుండా, సంతోషం కోసమే వినే చోటు వారానికి ఒకసారి మిగిలింది. తండ్రికి మాటలు అర్థమయ్యేవి, కొడుక్కి బాణీ ఎక్కేది. రెండు తరాలు ఒకే రేడియో ముందు కూర్చోవడానికి అది సరిపోయింది. గీత్‌మాలా తెలంగాణ శ్రోతకు ఉర్దూ ఆస్వాద భాషగా బతికిన చివరి పెద్ద వేదికల్లో ఒకటి అన్నది ఈ వ్యాసపు ప్రధాన ప్రతిపాదన.

రేడియో సిలోన్ తెలుగును పట్టించుకోలేదనీ అనలేం. అక్కడి తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదురై గొంతు తెలుగునేల అంతటా అభిమానం సంపాదించింది. కాని తెలుగు పాటల అభిమానం కోస్తా, సీమ, తెలంగాణ అంతటికీ ఉమ్మడిది. గీత్‌మాలాతో తెలంగాణకున్న చుట్టరికానికి మాత్రం వేరే చరిత్ర ఉంది.

4. వరుస, ఓటు, ఉత్తరం

మొదట్లో గీత్‌మాలాలో స్థానాలు లేవు. ఏడు పాటలు వినిపించి, వాటిని ఆదరణ క్రమంలో పేర్చి పంపమని శ్రోతలను అడిగేవారు. సరిగ్గా పేర్చినవారికి 100 రూపాయల బహుమతి. మొదటి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చాయని సయానీ చెప్పేవారు. ఆ సంఖ్య వారానికి వేలల్లో పెరిగి మోయలేనిదైంది. దాంతో పోటీ తీసేసి, పాటలకు స్థానాలు ఇచ్చి కింది నుంచి పైకి వినిపించే పద్ధతి తెచ్చారు. ఒక్కో స్థానాన్ని ‘పాయదాన్’ అన్నారు. చాలా వారాలు నిలిచిన పాటను ‘సర్తాజ్ గీత్’గా ప్రకటించి, బిగుల్ ఊది వరుస నుంచి సాగనంపేవారు. డిసెంబర్ చివర్లో ఏడాది మొత్తానికి జాబితా వచ్చేది.

ఈ స్థానాలకు లెక్క ఏది? రికార్డుల దుకాణాల అమ్మకాలు ఒకటి, శ్రోతల సంఘాలు పంపే ఎంపికలు రెండోది. ఇక్కడ చిన్న పట్టణం పరిస్థితి ఆలోచించదగ్గది. గ్రామఫోన్ రికార్డు కొనే స్తోమత, అమ్మే దుకాణం రెండూ నగరాల్లోనే ఎక్కువ. అమ్మకాల లెక్కలో సిద్దిపేట వంటి ఊరి బరువు తక్కువ. శ్రోతల సంఘం, పోస్టుకార్డు ఆ లోటు తీర్చే సాధనాలయ్యాయి. ఇప్పటి ఝార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు కేవలం పాటలు కోరుతూ రాసిన ఉత్తరాలతోనే దేశమంతటా పేరు తెచ్చుకోవడం ఇదే మాటకు సాక్ష్యం. రికార్డు కొనలేని శ్రోతకు కార్డు ముక్కే ఓటు.

వార్షిక జాబితాలు జ్ఞాపకానికి పంచాంగంలా పనిచేశాయి. 1953లో మొదటి స్థానం ‘అనార్కలి’ పాటది, 1955లో ‘శ్రీ 420’ది, 1956లో ‘సి.ఐ.డి.’ది, 1964లో ‘సంగం’ది. పెళ్లినో, పరీక్షనో, ఉద్యోగాన్నో ఆ ఏటి పాటతో కలిపి చెప్పుకునే అలవాటుకు మూలం ఇక్కడుంది. తెలుగు సినిమాతో కూడా ఈ పంచాంగానికి ముడి ఉంది. 1953 ‘అనార్కలి’కి సంగీతం కూర్చిన సి. రామచంద్ర 1979లో ఎన్.టి. రామారావు ‘అక్బర్ సలీం అనార్కలి’కి తెలుగు పాటలు కట్టారు, మహమ్మద్ రఫీ పాడారు. ఆ తెలుగు పాటలు విన్న పాత శ్రోతకు ఆ కథా, ఆ సంగీత దర్శకుడూ, ఆ గొంతూ ముందే తెలిసినవి.

5. మూడు ముగింపులు

అమెరికాలో కేసీ కేసమ్ 1970 జులై 4న మొదలుపెట్టిన ‘అమెరికన్ టాప్ 40’ని 1988లో వదిలి వెళ్లినప్పుడు అభిమానులకు ఒక తేదీ మిగిలింది. గీత్‌మాలా శ్రోతలకు అలాంటి ఒక్క తేదీ లేదు. వారి జ్ఞాపకంలో ముగింపు మూడు చోట్ల ఉంది.

మొదటిది 1989. ఆ ఏడు కార్యక్రమం సిలోన్ వదిలి వివిధభారతికి వచ్చింది. ధ్వని తేటపడింది, ముల్లు వెతుక్కునే అవసరం తప్పింది. కాని సిలోన్ శ్రోతకు ముల్లు వెతకడం కూడా వినికిడిలో భాగమే. పైకప్పు కింద సాగదీసిన రాగి జాలీ ఏరియల్, వాల్వులు వేడెక్కేదాకా నిరీక్షణ, గొంతు దూరమై మళ్లీ దగ్గరవడం, సరిగ్గా ఆ పాయదాన్ దగ్గరే గరగర అడ్డురావడం: కష్టపడి పట్టుకున్న పాట కాబట్టి అది గుర్తుండిపోయింది. ‘బినాకా సిలోన్‌తోనే పోయింది’ అని భావించే శ్రోతలు కోల్పోయింది ఈ ప్రయత్నాన్నే.

రెండోది 1994. కార్యక్రమం నిజంగా ఆగింది అప్పుడే. చుట్టూ కారణాలు చాలా ఉన్నాయి. 1980ల్లోనే చౌక క్యాసెట్లు వచ్చి, పాటను ఎప్పుడు కావాలంటే అప్పుడు వినే వీలు కల్పించాయి. దూరదర్శన్‌లో ‘చిత్రహార్’, తెలుగులో ‘చిత్రలహరి’ పాటను చూసే వస్తువు చేశాయి. 1992లో జీ టీవీ, 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. 1994లోనే ఆ టూత్‌పేస్ట్ వ్యాపారం కోల్గేట్ చేతికి వెళ్లింది. ప్రకటనదారు పేరే తన పేరుగా ఉన్న కార్యక్రమానికి ఇది చిన్న మార్పు కాదు. ఇంత జరిగినా 1994 శ్రోతల జ్ఞాపకంలో బలహీనమైన తేదీ. అప్పటికే చాలామంది వినడం మానేశారు కనుక ఆగిపోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. తర్వాత కోల్గేట్ సిబాకా (బినాకా టూత్‌పేస్ట్‌కు తర్వాత వచ్చిన పేరు సిబాకా) పేరుతో కొంతకాలం పునరుద్ధరించినా పాత పట్టు రాలేదు.

మూడోది 2024 ఫిబ్రవరి 20. ముంబయిలో 91 ఏళ్ల వయసులో అమీన్ సయానీ కన్నుమూశారు. అంతకుముందు 2009లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. దేశమంతటా పత్రికలు నివాళులు రాశాయి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించినవి ఆయన పలకరింపు, బుధవారం, రాత్రి ఎనిమిది. ముప్పై ఏళ్ల కిందట ఆగిన కార్యక్రమానికి సంతాపం ఆ రోజు జరిగింది.

ఈ మూడింటిలో ఏది అసలు ముగింపు? తేదీ ప్రకారం 1994. అనుభవం ప్రకారం మూడూ. పోయినది పాటలు కావు. సారెగామా 2017లో తెచ్చిన ‘కారవాన్’ పెట్టెలో ఐదువేల పాటలున్నాయి, సయానీ వ్యాఖ్యానంతో గీత్‌మాలా కూడా ఉంది. పోయినవి రెండు. ఒకటి, ఊరంతా ఒకే గంటలో ఒకే వరుస కోసం ఎదురుచూడడం. ఇవాళ ఎవరి ఫోనులో వారి జాబితా ఉంది, పందెం కాయడానికి ఉమ్మడి వరుస లేదు. రెండు, తెలుగు ఇంట్లో ఉర్దూ మాట అతిథిలా వచ్చి కూర్చునే ఆ గంట. మొదటిది దేశమంతటి శ్రోతల నష్టం. రెండోది తెలంగాణ తరానికి ప్రత్యేకమైనది, దీన్ని జాతీయ నివాళులు పెద్దగా పట్టించుకోలేదు.

6. చేయవలసిన పని

గీత్‌మాలా చరిత్ర ఇంతవరకు ఎక్కువగా సమర్పకుడి వైపు నుంచే రాశారు. శ్రోతల వైపు ఆధారాలు ఇళ్లలో ఉన్నాయి: వారం వారం పాయదాన్లు రాసుకున్న నోటుపుస్తకాలు, పోస్టాఫీసులో కట్టిన రేడియో లైసెన్సు పుస్తకాలు, శ్రోతల సంఘాల కాగితాలు. సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసే మగ్గాల ఇళ్లలో, బీడీలు చుట్టే వాకిళ్లలో చేతులు పనిలో ఉండగా చెవులు ఏం విన్నాయో అడగాలి. ఆడవాళ్ల వినికిడి గురించి మనకు తెలిసింది మరీ తక్కువ, కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టడం మంచిది.

1952లో పదేళ్లున్నవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. జిల్లా గ్రంథాలయాలు, డిగ్రీ కళాశాలల తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఆ పెద్దల మాటలను వారి గొంతుల్లోనే రికార్డు చేయాలి. ఇంట్లో పాత నోటుపుస్తకం ఉన్నవారు దాన్ని చిత్తుకాగితాల్లో వేయకుండా దగ్గరలోని గ్రంథాలయానికి చూపించాలని ఈ వ్యాసం ద్వారా కోరుతున్నాను.