లాంఛనమున కెక్కిన వన్నె

పూర్వము లాంఛనములను రాజులు నిర్ణయించెడివారు. చాళుక్యులు వరాహమును తమ ముద్రగా గైకొనిరి; ప్రజల నెవరును అడుగలేదు. రాజు లేని సమూహము తనకొక లాంఛనమును ఎట్లు కల్పించుకొనును? ఇందులకు మన కాలపు నిదర్శన మొకటి మనవి చేసెదను.

వెబ్ పుటలో విషయ మొకటి, అలంకార మొకటి. అక్షరముల పరిమాణము, రంగులు, ఎడములు మొదలగు అలంకారమును శాసించు భాషకు సి.ఎస్.ఎస్. అని పేరు. 1994 అక్టోబరులో హోకన్ వియుమ్ లీ దీనిని ప్రతిపాదించెను. 1996 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము దీనిని ప్రమాణముగ వెలువరించెను.

2011 జనవరిలో ఆ సంస్థ, పుటల విషయమును కూర్చు హెచ్.టి.ఎం.ఎల్. భాషకు నారింజవన్నె డాలును లాంఛనముగ ప్రకటించినది. దాని ననుసరించి సి.ఎస్.ఎస్.కు నీలపు డాలు వాడుకలోనికి వచ్చినది. దానిపై 3 అను అంకె యుండెను. చిక్కంతయు ఆ అంకెతోనే. మూడవ మెట్టునుండి ఆ భాష ఏకగ్రంథముగ గాక, వేర్వేరు ప్రకరణములుగ పెరుగసాగినది. భాష ముందునకు సాగినను లాంఛనము మూడుకడనే నిలిచిపోయెను.

2024లో ఆ భాష నుపయోగించువారు కూడి, నమూనాలను పరిశీలించి, చర్చించి, వోట్లు వేసికొనిరి. నవంబరునాటికి క్రొత్త లాంఛనము కుదిరినది. అది యొక చతురస్రము, అందు తెల్లని అక్షరములు, అంకె లేదు. జావాస్క్రిప్టు భాషకు వాడుకలోనున్న పసుపు చతురస్రమునకు అది జతగా నొప్పును.

దాని వన్నె ఊదా. ఎరుపు 102, ఆకుపచ్చ 51, నీలము 153 పాళ్లు కలిసిన ఆ వర్ణమునకు ఆ భాషలో 'రెబెక్కాపర్పుల్' అని పేరు. సి.ఎస్.ఎస్.ను తన గ్రంథములద్వారా అనేకులకు నేర్పిన ఎరిక్ మేయరు కుమార్తె రెబెక్కా. ఊదా ఆమెకు ప్రియమైన రంగు. ఆ బిడ్డ 2014 జూన్ 7న, తన ఆరవ జన్మదినముననే, మెదడులోని కంతిచే మరణించినది. ఆమె జ్ఞాపకార్థము ఆ వన్నెకు 'బెక్కా' అను ముద్దుపేరు పెట్టదలచిరి. తండ్రి పూర్ణనామమునే కోరెను. ఆరేండ్లు వచ్చినచో తాను పెద్దదాననగుదుననియు, ముద్దుపేరు వలదనియు ఆమె చెప్పియుండెనట. ఆరేండ్ల ప్రాయము ఆమెకు దక్కినది సుమారు పండ్రెండు గంటలే. ఆ నెలలోనే ఆ పేరు ప్రమాణమున చేర్చుటకు నిశ్చయమైనది.

నేను బడిపంతులుగ నున్న దినములలో, మరణించిన బాలుని పేరును హాజరుపట్టీనుండి కొట్టివేయవలసి వచ్చినపుడు నాకు చేయి ఆడెడిది కాదు. ఇచట ఒక చిన్నదాని పేరును కొట్టివేయలేదు. దానిని ఒక భాషలో పదముగ వ్రాసిరి. పదేండ్ల పిమ్మట అందరును కూడి దానినే తమ గురుతుగ ధరించిరి.