పసిబిడ్డ చొక్కాకు పిన్నీసా, గుండీయా?

1769వ సంవత్సరంలో విలియం బకన్ అనే స్కాట్లండు వైద్యుడు గృహవైద్యమును గురించి వ్రాసిన గ్రంథమొకటి ఎడింబరోలో అచ్చయినది. వైద్యుడు అందుబాటులో లేని ఇండ్లలో చదువుకొని ఆచరించుటకు వీలుగా వ్రాసిన ఆ పుస్తకం అనేక ముద్రణలు పొంది దేశదేశాలకు వెళ్ళినది. పసిబిడ్డల బట్టలను గురించిన భాగంలో ఒక భయంకరమైన సంగతి ఉన్నది. మూర్ఛలు వచ్చి చనిపోయిన శిశువు ఒంటిలో అర అంగుళానికి పైగా దిగిన గుండుసూదులు కనబడినవని, ఆ మూర్ఛలకు కారణం బహుశః అవే అయి ఉంటవని బకన్ వ్రాసినాడు.

ఆ కాలపు ఐరోపా ఖండంలో బిడ్డకు పొరలుపొరలుగా గుడ్డలు చుట్టి, ఆ చుట్లు జారిపోకుండ గుండుసూదులు గ్రుచ్చేవారు. సూది మొన ఏ పొరలో దాగినదో చుట్టిన దాదికే తెలియదు. బిడ్డ ఏడిస్తే ఆకలి అని ఒకరు, కడుపునొప్పి అని ఒకరు అనుకొనేవారు. మన ఇండ్లలోనైతే దిష్టి తీసి ఉండేవారు. నొప్పి ఎక్కడ ఉన్నదో వ్రేలు పెట్టి చూపలేని ప్రాణి బట్టలో మొనగల వస్తువును ఉంచరాదని బకన్ నిషేధించినాడు. సూదులకు బదులుగా బొందులు కుట్టి ముడివేయుమని చెప్పినాడు.

బొందు మనకు క్రొత్త కాదు. పలుమార్లు ఉతికి మెత్తబడిన పాత చీరను, పంచెను చింపి పొత్తిగుడ్డలు చేయడం తెలుగు ఇండ్లలో అనాదిగా ఉన్న అలవాటు. గోచీ గుడ్డను మొలత్రాటిలో దోపితే చాలును, సూదితో గాని పిన్నీసుతో గాని పని లేదు. ఇక చిన్న చొక్కా ముందువైపు తెరచుకొని, ప్రక్కన బొందుతో ముడిపడుతుంది. ఇందులో ఒక ఉపాయమున్నది. నెలల బిడ్డ రోజులో అధికభాగం వెల్లకిల పడుకొని ఉంటాడు. ముడి గాని గుండీ గాని వీపువైపు ఉంటే వాడి బరువంతా దానిమీద పడి ఒత్తుకుంటుంది. మన అమ్మమ్మలు దీనిని ఏ గ్రంథంలోను చదువలేదు. బిడ్డ వీపుమీద పడిన ఎర్రని గుర్తును చూచి నేర్చుకొన్నారు.

పిన్నీసు కథ అమెరికాలో మొదలైనది. న్యూయార్కులో వాల్టర్ హంట్ అనే యంత్రకారుడు ఉండేవాడు. బుద్ధికి కొదువ లేదు, చేతిలో కాసు నిలువదు. కుట్టుమిషనును కూడ తయారుచేసి, దర్జీపని చేసుకొనే స్త్రీల జీవనోపాధి పోతుందేమోనని పేటెంటు తీసుకొనలేదని చెబుతారు. 1849 ఏప్రిల్ 10వ తేదీన ఆయనకు 6,281వ నంబరుగల పేటెంటు లభించినది. ఒకే తీగను మధ్యలో చుట్టగా చుడితే అది స్ప్రింగువలె పనిచేస్తుంది. రెండవ కొనను ఒక కప్పులో బంధిస్తే మొన బయటికి రాదు. 15 డాలర్ల అప్పు తీర్చుకొనుటకై ఈ హక్కును 400 డాలర్లకు అమ్మివేసినాడని ప్రసిద్ధి. పేటెంటులో ఆయన దానిని దుస్తుల పిన్ను అని మాత్రమే పేర్కొన్నాడు. బట్టలు తొడుగుకొనే పెద్దల వ్రేళ్ళు భద్రంగా ఉండాలన్నదే ఆయన చూపిన ప్రయోజనం.

అయినప్పటికి పిన్నీసు ఉయ్యాలతొట్టిదాకా వచ్చి, నూరేండ్లపాటు అక్కడ ఏలినది. కారణం స్పష్టమే. గుండీకి ఒకచోట కుట్టిన స్థానం ఉంటుంది. బిడ్డ మాత్రం నెలనెలా పెరుగుతూ ఉంటాడు. పిన్నీసును ఎక్కడ కావలెనంటే అక్కడ గ్రుచ్చవచ్చును. చతురస్రపు గుడ్డను ఏ విధంగా మడిచినా అది పట్టి ఉంచుతుంది. మన స్త్రీలు గాజులకు, మంగళసూత్రపు గొలుసుకు ఒకటి రెండు పిన్నీసులు తగిలించుకొనడం కూడ ఈ సౌకర్యం కొరకే. అయితే బిడ్డ చేతికి మొట్టమొదట అందేవి ఆ గాజులు, ఆ గొలుసే గదా!

పిన్నీసుకు సేఫ్టీ అనే పేరు ఎంతవరకు చెల్లునో తెలుసుకొనవలెనంటే ఫిలడెల్ఫియా నగరంలోని మ్యూటర్ మ్యూజియంలో ఉన్న కొన్ని సొరుగులను చూడవలె. షెవాలియర్ జాక్సన్ అనే గొంతు వైద్యుడు (1865–1958) తన వృత్తిలో రోగుల గొంతుకలనుండి, ఊపిరి గొట్టాలనుండి, అన్ననాళాలనుండి వెలికితీసిన 2,374 వస్తువులు అక్కడ భద్రపరచి ఉన్నవి. వాటిలో గుండీలున్నవి, నాణెములున్నవి. పిన్నీసులు చాల ఉన్నవి. మూసి ఉన్న పిన్నీసు లోపలికి పోతే అది ఒక ప్రమాదం. తెరచిన పిన్నీసు, అందులోను మొన పైకి తిరిగి ఉన్నది పోతే మరింత ఘోరం. దానిని తిన్నగా పైకి లాగితే మొన గొంతును చీల్చుకొంటూ వస్తుంది. అందుచేత జాక్సన్ గొంతు లోపలనే పిన్నీసును మూసివేసే సన్నని పనిముట్లను కల్పించినాడు. తల్లి గుడ్డ మార్చుతూ, తెరచిన పిన్నీసును ప్రక్కమీద ఒక్క క్షణం ఉంచడమే ఇటువంటి ప్రమాదానికి చాలును. తరువాతి కాలంలో తలమీద ప్లాస్టిక్ తొడుగుతో, గట్టిగా నొక్కితేనే తెరచుకొనే పిన్నీసులు వచ్చినవి. అవి తెరచుకొనడం మానినవి గాని, మొన ఉండడం మానలేదు.

మొనలేని సాధనం మరొక దారిన వచ్చినది. 1885లో జర్మనీ దేశస్థుడు హెరిబర్ట్ బౌయర్ మగవారి పంట్లాములకొరకు టిచ్ బటనుకు పేటెంటు పొందినాడు. 1903లో హన్స్ ప్రిమ్ దానిలో చిన్న స్ప్రింగు చేర్చి పట్టు కుదిర్చినాడు. దానిని పసిబిడ్డ గుడ్డకు తెచ్చిన కీర్తి మేరియన్ డానొవన్ అనే అమెరికను తల్లిది. ఆమె 1946లో స్నానాలగది తెరను కత్తిరించి, గుడ్డపై తొడిగే తడి దిగని తొడుగు కుట్టి, పిన్నీసులకు బదులు టిచ్ బటనులు పెట్టినది. 1949లో న్యూయార్కులోని సాక్స్ దుకాణం దానిని అమ్మకానికి పెట్టినది. 1951లో పేటెంటు రాగా, ఆమె హక్కులను పదిలక్షల డాలర్లకు విక్రయించినది. హంటుకు ముట్టిన 400 డాలర్లు ఇక్కడ గుర్తుకు రాకమానవు.

టిచ్ బటనుకు ఒక నియమమున్నది. పలుచని బట్టమీద ఒంటిపొరగా బిగిస్తే, లాగిన ప్రతిసారి చిరుగు పెద్దదై చివరకు బటను ఊడి బిడ్డ చేతికి వస్తుంది. వెనుక మరొక గుడ్డముక్క వేసి రెండు మూడు పొరలమీద బిగించవలెను. నికెలు పూత కొందరి చర్మానికి పడదు. ఐరోపా దేశాలు 1994లోనే దానిపై పరిమితి విధించినవి. ప్లాస్టిక్ బటనులకు ఆ బాధ లేదు.

ఊడిన గుండీ ఎంత చిన్నదైతే అంత ప్రమాదం. మూడేండ్లలోపు పిల్లల వస్తువులను పరీక్షించుటకు అమెరికాలో ఒక చిన్న గొట్టమున్నది. దాని వ్యాసం అంగుళంపావు, పసిబిడ్డ గొంతుకకు అది కొలమానం. అందులో పూర్తిగా ఇమిడే ముక్క ఉన్న బొమ్మలను 1980నుండి అక్కడ అమ్మరాదు. విచిత్రమేమనగా, పిల్లల దుస్తులకు, వాటి గుండీలకు ఆ నిబంధననుండి మినహాయింపు ఇచ్చినారు. ఎంత చిన్న గుండీ పెట్టినా చట్టం అడ్డు చెప్పదు. ఇక కుట్టిన చేతిదే పూచీ: గట్టి దారం పలుమార్లు తిప్పి, కుట్టినతరువాత గుండీని బలంగా లాగి చూచుట, ప్రతి ఉతుకు తరువాత మళ్ళీ చూచుట. నా మట్టుకు, ఏడాదిలోపు బిడ్డ చొక్కాకు అందం కొరకు మాత్రమే గుండీలు కుట్టడం అనవసరమని తోస్తుంది.

చొంగగుడ్డకు మాత్రం వెల్క్రో ఉత్తమం. 1941లో స్విట్జర్లండు ఇంజనీరు జార్జ్ ద మెస్త్రాల్ తన కుక్క బొచ్చుకు అంటుకొన్న కాయలను సూక్ష్మదర్శినిలో చూచి, వాటి కొనలయందు కొక్కెములు ఉన్నట్లు గ్రహించినాడు. మన పొలంగట్లమీద ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకొనడం చూచినవారికి ఇందులో ఆశ్చర్యమేమి ఉండదు. దీని గుణమేమంటే, గుడ్డ ఎక్కడైనా చిక్కుకొని లాగబడితే తనంత తాను విడిపోతుంది. గరుకు భాగం బిడ్డ మెడకు తగులకుండ, మెత్తని భాగం లోపలివైపు వచ్చేటట్లు కుట్టవలెను. ఉతికేముందు రెంటిని కలిపి మూయకపోతే కొక్కెములలో నూలుపీచు చేరి పట్టు పోతుంది.

ఈ విడిపోయే గుణమే బొందుకు లేదు. సూదికి బదులుగా బకన్ మెచ్చిన బొందు, మెడచుట్టు చేరి ఉయ్యాల కమ్మికో తలుపు గడియకో తగులుకొన్నదంటే ఉరిత్రాడౌతుంది. పిల్లల పైదుస్తుల మెడవద్ద, తలముసుగువద్ద బిగించే త్రాళ్ళు ఉండరాదని అమెరికా వినియోగదారుల రక్షణ సంఘం 1996లో సూచనలు జారీచేసినది. 2004లో ఐరోపా ప్రమాణం కూడ వచ్చినది. నడుముప్రక్కన వేసే పొట్టి ముడికి, మెడవెనుక వేసే పొడుగు ముడికి ఇంత భేదమున్నది. మెడకు కట్టే గుడ్డకు బొందులే పెట్టినట్లయితే, అన్నం తినిపించడం కాగానే దానిని విప్పి, ఆ తరువాతనే బిడ్డను ఉయ్యాలలో పరుండబెట్టవలెను.